వీపు మీద పాదం

మిరప కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు పొద్దెక్కాక ఒకసారి లేచి నడుములు విరుచుకుంటారు. ఖాజాబీ లేచిన ప్రతిసారీ ముందు చీర సర్దుకునేది. కుచ్చిళ్ళు నేలను రాస్తుంటే, నడుము దగ్గర పట్టుకుని బెత్తెడు పైకి లాగి దోపుకునేది. రెండువేల ఆరో సంవత్సరం మార్చిలో ఒకరోజు ముఠామేస్త్రి కోటిరత్నం అది చూసి నవ్వింది.

"ఏం వదినా, చీరలు పొడుగవుతున్నాయా, నువ్వు పొట్టయిపోతున్నావా?"

"చీరలు పాతవేగా. నేనే కుంగిపోతున్నా."

"ఇట్టాగే కుంగితే పైయేటికి నిన్ను గంపలో పెట్టుకుని కల్లానికి తేవాల."

"తే. కూలి మాత్రం నిండు మనిషికిచ్చేదే ఇవ్వాల."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఖాజాబీ కూడా నవ్వి, మోకాలికి చెయ్యి ఆనించి మెల్లగా కూర్చుంది. ఆ కల్లంలో వంగిన నడుములు ఇంకో నాలుగున్నాయి. వాళ్ళూ నవ్వారు. ముసలితనంలో మనిషి వంగుతాడు, కుంగుతాడు, అందులో వింతేముంది అనుకునే నవ్వు అది. మన నాయనమ్మలు వంగారు, అమ్మమ్మలు వంగారు. నేలను చూస్తూ కర్ర పట్టుకు నడిచే ముసలమ్మ మన వీధుల్లో ఎంత మామూలంటే, ఆమె వీపులో ఏం జరిగిందో అడగాలన్న ఆలోచనే మనకు రాదు.

ఖాజాబీకి అప్పటికి ఏభై ఎనిమిదేళ్ళు. పర్చూరు దగ్గరి నూతలపాలెం ఆమె ఊరు. భర్త సిలార్ పరుపులు కుట్టేవాడు. పడుచుతనంలో ఊరూరా తిరిగి దూది ఏకిన మనిషి. కొడుకు గఫూర్ పర్చూరులో దూది ఏకే మిషను పెట్టుకున్నాక, సిలార్ ఇంటి అరుగు మీద కూర్చుని పరుపులకు కుట్లు వేస్తూ కాలం గడుపుతున్నాడు.

రెండేళ్ళ కిందట చిలకలూరిపేట నుంచి వస్తుంటే బస్సు గోతిలో పడి ఎగిరింది. వెనక సీటులో ఉన్న ఖాజాబీ వీపులో సూది దిగినట్టయింది. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చిన ఇంజక్షన్లతో నెలకు నొప్పి తగ్గింది. తగ్గాక చూస్తే వీపు కాస్త వంగి ఉంది. మరుసటి ఏడు నీళ్ళ బిందె ఎత్తబోతే మళ్ళీ అదే నొప్పి, మళ్ళీ అవే ఇంజక్షన్లు, ఇంకాస్త వంపు. నొప్పి వచ్చిన రెండుసార్లూ సిలార్ తన పని తాను చేశాడు. ఆమె పడుకునే పరుపు విప్పి, రెండు కిలోల కొత్త దూది వేసి కుట్టాడు. నొప్పిగా ఉన్న మనిషికి మెత్తదనమే మందు అనుకున్నాడు. పరుపు మెత్తబడేకొద్దీ ఆమె అందులో ముడుచుకుపోయి పడుకునేది. ప్రేమతో చేసిన పనిలో తప్పు వెతకాలని ఎవరికి తోస్తుంది?

ఆ ఇంటి కోడలు షమీమ్ గురించి ఇక్కడ చెప్పాలి. ఆమె ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్ల. తల్లి కడుపులోంచి ముందు కాళ్ళు బయటికొచ్చిన బిడ్డకు నడుము పట్టు తీసే గుణం ఉంటుందని మన పల్లెల్లో నమ్మకం. నడుము పట్టినవాడు బోర్లా పడుకుంటే, ఆ బిడ్డ ఎడమపాదంతో మూడుసార్లు తొక్కాలి. ఆదివారం పొద్దున్నే, ఇద్దరూ నోరెత్తకుండా జరగాలి. తొక్కినందుకు డబ్బు తీసుకోకూడదు. బరువులెత్తి కండరం పట్టేసిన కుర్రవాళ్ళకు అలా తొక్కితే సుఖంగా అనిపించిన మాట నిజమే. అందుకే ఆ నమ్మకం నిలిచింది.

షమీమ్ పెద్దగా మాటకారి కాదు. పుట్టింటివాళ్ళు పేదవాళ్ళు. చదువు ఐదో తరగతితో ఆగింది. అలాంటి పిల్ల కాపరానికొచ్చిన ఏడాదికే ఆమె కోసం ఆదివారాలు పొరుగూళ్ళ నుంచి మనుషులు రావడం మొదలైంది. ముఠాలో ఆమెకు పేరుంది, వీధిలో మర్యాద ఉంది. "గఫూర్ పెళ్ళాం కాలు చల్లని కాలు" అనే మాట విన్నప్పుడల్లా ఆమె తలవంచుకుని ముసిముసిగా నవ్వుకునేది. కాపరానికొచ్చిన ఈ తొమ్మిదేళ్ళలో ఆమెకు తనదంటూ దొరికిన గౌరవం అదొక్కటే.

అయితే సొంత అత్త నడుము మాత్రం ఆమె ఎప్పుడూ తొక్కలేదు. కోడలు అత్త మీద కాలు పెట్టడమేమిటి? పొరపాటున కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే ఇళ్ళు మనవి.

ఆ మార్చి చివర్లో అకాల వాన పడింది. కల్లంలో కాయలు తడవకుండా పట్టా కప్పడానికి అందరూ పరుగెత్తారు. నీళ్ళు నిండిన పట్టా కొస పట్టుకుని లాగిన ఖాజాబీ అక్కడే కూలబడింది. మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగోనాడు ఆదివారం. గఫూర్ పర్చూరు వెళ్ళాడు, సిలార్ మసీదుకు వెళ్ళాడు. ఖాజాబీ కోడల్ని పిలిచింది.

"తలుపు దగ్గరికెయ్యి. చాప పరువు."

"ఎందుకత్తా?"

"ఎందుకేంటి? ఆదివారమేగా."

షమీమ్ రెండడుగులు వెనక్కి వేసింది. "నీ మీద కాలెయ్యమంటావా? నావల్ల కాదు. పాపం చుట్టుకుంటది."

"ఊరందరికీ పనికొచ్చే కాలు నాకు పనికిరాదా? తొమ్మిదేళ్ళ నుంచి వండిపెడుతున్నావు, నీళ్ళు తోడిపెడుతున్నావు. ఈ ఒక్కటీ చెయ్యవే. ఈ నొప్పి నేను పడలేకున్నా."

ఆ చివరి మాట ఖాజాబీ నోట ఎప్పుడూ రానిది. షమీమ్ చాప పరిచింది. అత్త బోర్లా పడుకోవడానికే చాలాసేపు పట్టింది. షమీమ్ మనసులో దేవుణ్ణి తలుచుకుని మెల్లగా ఎడమపాదం పెట్టింది. ఒకటి. రెండు. మూడోసారి పాదం కింద ఎండు కందికట్టె విరిగినట్టు చిన్న శబ్దం వచ్చింది. ఖాజాబీ చాప అంచును పళ్ళతో కరిచింది.

షమీమ్ కింద కూర్చుని ఏడుస్తుంటే, ఊపిరి కూడగట్టుకుని ఖాజాబీ చెప్పిన మొదటి మాట ఇది: "ఎవరికీ చెప్పొద్దు. అత్తని తొక్కి నడుం విరిచిందని ఊరు నిన్నే అంటది. పట్టా లాగినప్పటి నొప్పే ఇది. అంతే."

మంచి మనసుతో ఆడిన అబద్ధం అది. దాని ఖరీదు తన కాళ్ళే కావచ్చని ఆమెకు తెలియదు.

వారం గడిచింది. ఖాజాబీ లేచి నాలుగడుగులు వేయగలుగుతోంది కాని, ఒకనాడు ఎడమకాలి చెప్పు జారి వాకిట్లోనే ఉండిపోయింది. అది జారిన సంగతే ఆమెకు తెలియలేదు. ఇంకోనాడు పొద్దున ఆమె లంగా తడిసి ఉంది. షమీమ్ ఏమీ అనకుండా పక్క బట్టలన్నీ తీసుకెళ్ళి ఉతికి ఆరేసింది. ఆ సంగతి అడిగితే ఎక్కడికి పోతుందో అత్తకూ తెలుసు, కోడలికీ తెలుసు. ఎప్పటినుంచి అని ఎవరైనా అడిగితే, ఆదివారం నుంచి అని చెప్పాలి.

మందులకు లొంగని నొప్పి చూసి గఫూర్ తల్లిని గుంటూరు తీసుకెళ్ళాడు. సిలార్, షమీమ్ కూడా వెంట వెళ్ళారు. వెన్నెముకల డాక్టరు ఉదయ్ కుమార్ దగ్గర ఆ రోజు అరవైమంది రోగులున్నారు. ఎక్స్‌రే తీయించాక నలుగురినీ లోపలికి పిలిచాడు.

"అమ్మా, మీ వెన్నులో ఒకటి కాదు, మూడు ఎముకలు నలిగాయి. రెండు పాతవి, వంకరగానే అతుక్కున్నాయి. మూడోది కొత్తది. ఎప్పుడైనా పడ్డారా?"

"పడలేదు బాబూ. పట్టా లాగా."

"కాళ్ళలో తిమ్మిర్లున్నాయా? పట్టు తప్పుతోందా? మూత్రం మామూలుగానే వస్తోందా?"

"అంతా బాగానే ఉంది. నడుం నొప్పొక్కటే."

డాక్టరు కాళ్ళు ఎత్తమన్నాడు. ఆమె పళ్ళ బిగువున రెండు కాళ్ళూ ఎత్తింది. ఎడమకాలు వణికితే నొప్పికేమో అనుకున్నాడు. బయట జనం తలుపు తోస్తున్నారు.

"కాళ్ళకు ఇబ్బంది లేదంటున్నారు కాబట్టి తొందరపడక్కర్లేదు. ఇలాంటివి చాలావరకు బెల్టుతో, మందులతో అతుక్కుంటాయి. మూడు వారాల తర్వాత రండి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే, సూది ద్వారా ఎముకలోకి సిమెంటు ఎక్కించే పద్ధతి ఉంది, అది చూద్దాం."

గఫూర్ చీటీ అందుకున్నాడు. సిలార్ భార్య చెయ్యి పట్టుకుని లేపబోయాడు. ఎక్స్‌రే కవరు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ షమీమ్ కదల్లేదు.

"డాక్టరుగారూ, మా అత్త అబద్ధం చెప్తంది."

"నోర్ముయ్ షమీమూ" అంది ఖాజాబీ.

"నేను మూసుకుంటే నీ కాళ్ళు పోతయ్యత్తా." షమీమ్ ఆపలేదు. "చెప్పు జారితే తెలీటం లేదండీ ఆమెకి. పక్క తడుస్తంది. మొన్నామధ్య ఒక ఆదివారం నుంచి. ఆ రోజు నేను... నేను ఎదురుకాళ్ళదాన్నండి. నడుం తొక్కా."

గఫూర్ గొంతు లేచింది. "ఏం చేశావే? మా అమ్మ మీద కాలు పెట్టావా? నీకు బుద్ధుందా..."

"అరవాలనుంటే బయటికెళ్ళి అరవండి" అన్నాడు డాక్టరు, ఖాజాబీని మళ్ళీ బల్ల మీద పడుకోబెడుతూ. "ఆ అమ్మాయి చెప్పింది నాకు ఎక్స్‌రే కంటే ఎక్కువ పనికొచ్చింది."

గుండుసూదితో పాదాలు గుచ్చి చూశాడు. ఎడమపాదంలో మూడు వేళ్ళకు స్పర్శ లేదు. ఆ సాయంత్రమే ఎం.ఆర్.ఐ. తీశారు. నలిగిన ఎముక వెనకవైపు కూడా పగిలి, దాని ముక్క ఒకటి లోపలికి జరిగి నరాలను నొక్కుతోంది. మూడు వారాలు ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు మాటల్లో చెప్పలేదు. మర్నాటి ఆపరేషన్ల పట్టికలో ఒక పేరు కొట్టేసి ఖాజాబీ పేరు రాశాడు.

ఆ రాత్రి మాట్లాడటానికి కుటుంబాన్ని కూర్చోబెట్టాడు. ముందు ఖాజాబీనే ఒక ప్రశ్న అడిగాడు.

"గర్భసంచి తీయించుకున్నారా?"

"ముప్పై మూడో ఏట. తెల్లబట్టవుతోందంటే తీసేస్తే పీడా పోద్దన్నారు. మా వీధిలో అందరం తీయించుకున్నోళ్ళమే."

"దానితోపాటు అండాశయాలు కూడా తీశారా?"

"ఏం తీశారో మాకేం తెలుసు బాబూ. బేసిన్‌లో పెట్టి మా ఆయనకి చూపించారంట."

సిలార్ తలూపాడు. "చూపించారు. ఏంటో నేనూ అడగలా."

డాక్టరు కాగితం మీద అది రాసుకున్నాడు. "ఆడవాళ్ళ ఎముకల్లో బలం నిలవడానికి అండాశయాలు కావాలి. అవి చిన్నవయసులోనే పోతే, యాభైలో ఉన్న మనిషికి ఎనభై ఏళ్ళ ఎముకలొస్తాయి. సుద్దముక్కలా అవుతాయి. బస్సు కుదుపుకు ఒకటి, బిందె ఎత్తితే ఒకటి. అప్పుడు ఒక్క ఎక్స్‌రే తీసి, ఎముకలకు మందు మొదలుపెట్టి ఉంటే మూడోది విరక్కుండా ఆపగలిగేవాళ్ళమేమో."

గోడకున్న దీపం పెట్టె మీద, ఖాజాబీని పక్కకు తిప్పి నిలబెట్టి తీసిన పెద్ద ఎక్స్‌రే పెట్టాడు. "సిలార్ గారూ, మేస్త్రీలు గోడకి గుండుదారం వేలాడదీసి చూడటం చూశారా?"

"పరుపులోడినైనా ఇల్లు కట్టుకున్నోణ్ణే బాబూ."

"మెడ కిందున్న ఈ ఎముక దగ్గర దారం వదిలితే, అది ఇక్కడ, తుంటి వెనక ఎముక మీద పడాలి." పెన్సిలుతో గీత గీశాడు. గీత ఆ చోటుకు అరచేయి వెడల్పు ముందు పడింది. "నలిగిన ఎముకలు ముందువైపు అణిగి, వెనకవైపు అలాగే ఉండిపోయాయి. అందుకే మనిషి ముందుకు ఒరిగింది. తల బరువంతా ముందుకు లాగుతుంటే, వీపు కండరాలు పొద్దస్తమానం దాన్ని వెనక్కి లాక్కుంటూ ఉండాలి. సాయంత్రానికి నొప్పెక్కువవడానికి అదే కారణం. ముందుకు ఒరిగేకొద్దీ పక్క ఎముక మీద బరువు పడి అదీ నలుగుతుంది. పొట్ట నొక్కుకుపోయి అన్నం సయించదు."

"రెండు ముద్దలకే చాలంటంది" అన్నాడు సిలార్ నెమ్మదిగా. "వయసొచ్చి తిండి తగ్గిందనుకున్నా."

"సిమెంటొక్కటే ఎక్కిస్తే నొప్పి తగ్గేది. కాని వెనక గోడ పగిలింది కాబట్టి సిమెంటు నరాల మీదికి కారే ప్రమాదం ఉంది. నరాల మీద ఒత్తిడి తీసి, విరిగిన ఎముకకు పైన రెండింటికి, కింద రెండింటికి మరలు బిగించి కడ్డీలు వేయాలి. మెత్తటి ఎముక కాబట్టి మరల చుట్టూ కొంచెం సిమెంటు పోస్తాం."

"వీపు మొత్తం నిటారు చేసెయ్యండి సార్" అన్నాడు గఫూర్. అంతసేపూ భార్య వైపు చూడకుండా కూర్చున్నాడతను.

"చెయ్యను. నేను బలవంతంగా లాగి నిటారు చేస్తే ఎక్స్‌రేలో అందంగా కనపడుతుంది. నెల తిరక్కుండా మరలు ఎముకను చీల్చుకుని బయటికొస్తాయి, లేదా కడ్డీ పైనున్న ఎముక విరుగుతుంది. ఆమె తలెత్తి ఎదుటి మనిషిని చూడటానికి ఎంత వంపు తీయాలో అంతే తీస్తాను."

అందరూ లేచాక షమీమ్ వెనక ఆగింది. "నా వల్లేనా డాక్టరుగారూ?"

"పాత రెండింటితో నీకు సంబంధం లేదు. మూడోది పట్టా లాగినప్పుడే నలిగి ఉంటుంది. ముక్క లోపలికి జరగడానికి నీ కాలు కారణం కావచ్చు. లేదని చెప్తే నేను అబద్ధమాడినట్టు." ఆమె కళ్ళు దించుకోవడం చూసి ఆయన మళ్ళీ అన్నాడు: "ఇవాళ ఆ కాళ్ళు నిలబడితే, అది కూడా నీ వల్లే. రెండూ గుర్తుపెట్టుకో."

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. బయటికొచ్చిన డాక్టరు ముఖం కడుక్కుని నేరుగా సిలార్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"మీ వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఆపరేషన్ బల్ల మీద బోర్లా పడుకోబెట్టేటప్పుడు, ఛాతీ కింద ఒక దిండు, తుంటి కింద ఒక దిండు పెట్టి పొట్టను గాల్లో వదిలేస్తాం. అలా పడుకోబెట్టగానే కొత్తగా నలిగిన చోట సగం వంపు దానంతట అదే విడిపోయింది. మేం లాగింది తక్కువ. సగం పని దిండ్లే చేశాయి."

సిలార్ భుజం మీది తువ్వాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. తరవాత అడిగాడు: "గట్టి దిండ్లా బాబూ, మెత్తవా?"

"గట్టివే. ఇంట్లో పరుపు కూడా గట్టిగానే ఉండాలి."

"అయితే నాలుగు కిలోల దూది తీసెయ్యాలి" అన్నాడాయన.

మూడోనాడు ఖాజాబీని నిలబెట్టారు. నర్సు సౌజన్య ఒకవైపు, షమీమ్ ఒకవైపు పట్టుకున్నారు. ఖాజాబీ తల ఎత్తింది. ఎదురుగా గోడ గడియారం, దాని కింద నిలబడిన సిలార్ ముఖం, రెండూ ఆమెకు కళ్ళెత్తకుండానే కనపడ్డాయి. "నీకింత జుట్టు ఊడిందేంటి?" అంది. రెండేళ్ళుగా ఆమె భర్త పాదాల్నీ, పంచె అంచునీ చూస్తూ మాట్లాడిందన్న సంగతి ఆ గదిలో అప్పుడుగాని ఎవరికీ తట్టలేదు.

అంతా బాగైపోయిందని చెబితే అది నిజం కాదు. కొత్త ఎక్స్‌రేలో గీత ఇంకా రెండు వేళ్ళ ముందుకే పడింది. పాత వంపులు రెండూ అలాగే ఉన్నాయి. మూత్రం ఇబ్బంది నెలలో పోయింది. ఎడమపాదానికి స్పర్శ మెల్లగా వచ్చింది గాని పూర్తి పట్టు రాలేదు. చేతికర్ర ఉండాల్సిందే. బరువులు ఎత్తకూడదు, వెనక సీటులో ప్రయాణం చేయకూడదు. వారానికొక బిళ్ళ పరగడుపున మింగి అరగంట నిటారుగా కూర్చోవాలి. రోజూ ఎండలో నడవాలి. మందు మానేస్తే ఇంకో ఎముక నలుగుతుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. ఆమె అన్నం పూర్తిగా తింటోంది. వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. ఆ ఇంటికి అది చాలా పెద్ద విషయం.

గఫూర్ నెల రోజులు భార్యతో మాట్లాడలేదు. చివరికి ఖాజాబీయే కొడుకును పిలిచి కూర్చోబెట్టింది.

"పడుకున్నది నేను. తొక్కమన్నది నేను. దాచమన్నది నేను. దాని నోరే లేకపోతే నన్ను మంచంలో వేసి మోసేవాడివి. కోపముంటే నా మీద పడరా."

"నీ మీద పడటానికి నీ నడుం ఆగొద్దూ?" అన్నాడు గఫూర్. ఆ మాటకు తల్లి నవ్వింది. వంటింట్లో ఉన్న షమీమ్ కూడా నవ్వింది. ఆ పూట అతను భార్యను పిలిచి అన్నం పెట్టమన్నాడు.

కాని ఊరికి మాత్రం ఎవరూ నిజం చెప్పలేదు. పరువు అడ్డమొచ్చింది. పట్టా లాగితే నడుము విరిగిందనే అన్నారు. చూడ్డానికొచ్చిన కోటిరత్నం వీపు మీద కుట్ల మచ్చ చూసి నోటి మీద చెయ్యేసుకుంది.

"ఇంత కోతెందుకు వదినా? ఇంట్లో షమీమును పెట్టుకుని! ఒక్క తొక్కు తొక్కితే పోయేదిగా."

షమీమ్ ఆ పక్కనే టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. గ్లాసు అందించి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆదివారాలు ఎవరైనా వస్తే మోకాలు నొప్పని చెప్పి పంపేసేది. వాళ్ళు పక్క ఊళ్ళో ఇంకో ఎదురుకాళ్ళ మనిషిని వెతుక్కుంటూ పోయేవాళ్ళు. వెళ్ళేవాళ్ళ వీపులను చూస్తూ, వీళ్ళలో ఎవరి ఎముకలు సుద్దముక్కలో అని ఆమె అనుకునేది. అనుకుని ఊరుకునేది. చల్లని కాలు అని తనను మెచ్చుకున్న ఊరి ముందు, ఆ కాలు ఏం చేసిందో చెప్పే ధైర్యం ఆమెకు చాలలేదు.

ఏడాది తర్వాత, పరీక్ష కోసం అత్తాకోడళ్ళు మళ్ళీ గుంటూరు వచ్చారు. వరండాలో బల్ల మీద వాళ్ళ పక్కనే పొదిలి నుంచి వచ్చిన చలమయ్య, అతని తల్లి హనుమాయమ్మ కూర్చున్నారు. హనుమాయమ్మ గడ్డం దాదాపు రొమ్ముకు ఆనుతోంది. నెల కిందట గొడ్ల చావిడిలో చతికిలపడిందట. చలమయ్య విసుగ్గా ఉన్నాడు. పొద్దున్నుంచి కూర్చుంటే ఇంకా ఇరవై నంబర్లున్నాయి.

"పెద్ద వయసు కదండీ, వంగదా?" అన్నాడు ఖాజాబీతో. "ఊరికే ఫొటోలు తీస్తారు, సూదులేస్తారు. నాకైతే ఇక్కడ నమ్మకం లేదు. పర్చూరు పక్కన నూతలపాలెంలో ఎవరో ఎదురుకాళ్ళ అమ్మాయుందంట. సాయిబుల పిల్ల. చల్లని కాలంట. ఎల్లుండి ఆదివారం. ఇక్కడ్నించి లేచి మా బంధువులింట్లో ఉండి, అక్కడికి తీసుకెళ్దామనుకుంటన్నా. ఏమ్మా, లేస్తావా?"

హనుమాయమ్మ తల ఊపింది. ఏది చేసినా సరే, ఈ నొప్పి పోతే చాలు అన్నట్టుంది ఆ ఊపు.

ఖాజాబీ కోడలి వైపు చూసింది. ఈసారి ఆమె నోరు మూయమనలేదు. చెప్పమనీ అనలేదు. కర్ర మీద చేతులు పెట్టుకుని ఊరుకుంది.

చలమయ్య తల్లి చేతి సంచీ అందుకుని లేచాడు. షమీమ్ కూడా లేచి అతనికి అడ్డంగా నిలబడింది. వరండాలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

"మీరు అంత దూరం పోనక్కర్లేదన్నా. ఆ నూతలపాలెం పిల్లని నేనే."

"నువ్వా?" అతని ముఖం విప్పారింది. "దేవుడు చూపించినట్టు చూపించాడు! అయితే తల్లీ..."

"ఈమె మా అత్త. ఈమెకి నేను తొక్కా. ముందే నలిగిన ఎముక నా కాలి కింద పగిలింది. ముక్క నరం మీద పడి కాళ్ళు పోబోయినయ్. వీపు కోసి, ఇనప కడ్డీలేసి నిలబెట్టారు. ఇంతమంది మెచ్చుకున్న కాలే ఇది. సంవత్సరం నుంచి మోకాలు నొప్పని అబద్ధమాడి తప్పించుకుంటన్నా గాని, నిజం ఎవరికీ చెప్పలా. చెప్పుంటే నువ్వు ఇవాళ ఇట్టా లేచేవాడివి కాదు."

ఎవరో దూరంగా "అత్తని తొక్కిందా!" అన్నారు. షమీమ్ ముఖం ఎర్రబడింది. ఆమె అటు తిరగలేదు.

చలమయ్య ఖాజాబీ వైపు చూశాడు. ఖాజాబీ కర్ర ఊతంతో లేచి అతని ఎదురుగా నిలబడి, సూటిగా ముఖంలోకి చూసింది. "అది చెప్పేది నిజం నాయనా. నేను నొప్పి దాచా, ఎవరు కారణమో కూడా దాచా. ఓర్పనుకున్నా. మీ అమ్మనీ అడుగు, ఎన్నాళ్ళనుంచి దాస్తందో."

చలమయ్య సంచీ కింద పెట్టాడు. తల్లి ముందు గొంతుకూర్చుని, ఆమె ముఖం కనపడేదాకా తన తల వంచి అడిగాడు: "అమ్మా, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?"

హనుమాయమ్మ కొడుకు చెయ్యి తీసుకుని తన కుడి మోకాలి కింద పెట్టింది. "ఇక్కణ్ణించి కిందికి తెలీటం లేదురా. నీకు పనులు పోతాయని చెప్పలా."

షమీమ్ లోపలికెళ్ళి నర్సు సౌజన్యతో ఆ కాలి సంగతి చెప్పింది. ఇరవై నంబర్ల తర్వాత పిలవాల్సిన హనుమాయమ్మను సౌజన్య వెంటనే చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్ళింది. వెనకే వెళ్తున్న చలమయ్య తలుపు దగ్గర ఆగి చేతులు జోడించాడు.

"నాకెందుకన్నా దండం" అంది షమీమ్. వరండాలో ఉన్న అందరికీ వినపడేట్టు, గొంతు తగ్గించకుండా అంది: "ఊరికెళ్ళాక నలుగురికీ ఒక్క మాట చెప్పు చాలు. మన అమ్మల వీపులు వంగేది వయసుకి కాదు, లోపల ఎముక విరిగి. నొప్పి మొదలైన రోజే ఆ ఎముక డాక్టరుకి చూపించాల. చూపించకుండా ఆ వీపు మీద ఎవరి కాలూ పడనివ్వొద్దు, నాదైనా సరే."